పొగమంచులో ఒక్క పడవ: ఆ ఖాళీ సరిపోతుందా?

ప్రశ్న: జనవరిలో పొద్దున్నే పున్నమి ఘాట్ నుంచి తీసిన ఫొటో ఒకటి పంపుతున్నాను. కృష్ణంతా పొగమంచు, సరిగ్గా మధ్యలో చిన్న పడవ, అందులో ఒక మనిషి. అంతే. నా ఫొటో మిత్రుల్లో సగం మంది "ఏముంది ఇందులో, అంతా ఖాళీయే కదా" అన్నారు. మిగతావాళ్లు "మినిమలిజం అంటే ఇదే" అన్నారు. తీసిన రోజు నాకు బాగా నచ్చింది గానీ ఇప్పుడు చూస్తుంటే చప్పగా అనిపిస్తోంది. ఇలాంటి ఫొటోల్లో నిజంగా చూడదగ్గ విషయం ఉంటుందా, లేక ఇదంతా ఫ్యాషనా? మేమంతా కలిసి పెట్టబోయే చిన్న ప్రదర్శనకు పది ఫొటోలు ఇవ్వాలి. పదీ ఈ పద్ధతిలోనే ఇద్దామనుకున్నాను. నాది 24 మెగాపిక్సెల్ కెమెరా. 18-55 లెన్సు వాడతాను. 55-250 కూడా ఉంది గానీ ఎప్పుడో తప్ప బయటికి తీయను.
ఒక పాఠకుడు, కృష్ణలంక, విజయవాడ

సమాధానం: మీ మిత్రుల్లో ఇటువాళ్లూ అటువాళ్లూ మాట్లాడింది పద్ధతి గురించే, మీ ఫొటో గురించి కాదు. ఖాళీ ఉంది కాబట్టి బాగోలేదనడం ఎంత తొందరపాటో, ఖాళీ ఉంది కాబట్టి గొప్పదనడం కూడా అంతే. నెగటివ్ స్పేస్, అంటే సబ్జెక్టు చుట్టూ కావాలని వదిలిన ఖాళీ, ఉన్న ఫొటోలో ఆ ఖాళీకి ఒక పని ఉండాలి. మీ ఫొటోలో అది సగం పనే చేస్తోంది. మీకు ఇప్పుడు చప్పగా అనిపించడానికి కారణం అదే. మిగతా సగం చేయించడం కష్టమేమీ కాదు.

ముందు ఒక పరీక్ష చేయండి. ఫొటోను కంప్యూటర్‌లో తెరిచి, ఖాళీ భాగంలో సగాన్ని క్రాప్ చేసి చూడండి. ఏమీ పోయినట్టు అనిపించకపోతే ఆ ఖాళీ ఊరికే ఉన్నట్టు లెక్క. పడవ ఒక్కసారిగా ఒడ్డుకు దగ్గరైనట్టు, ప్రయాణం చిన్నదైపోయినట్టు అనిపిస్తే ఆ ఖాళీ పని చేస్తున్నట్టే. మీ ఫొటోలో పైన ఉన్న మంచును సగం తీసేసినా తేడా రావడం లేదు. కుడివైపు నీటిని, అంటే పడవ వెళ్తున్న వైపు ఖాళీని తగ్గిస్తే మాత్రం ఫొటో ఇరుకైపోతోంది. అంటే మీకు కావలసిన ఖాళీ కుడివైపున ఉంది, మీరు వదిలింది పైన. పడవను సరిగ్గా మధ్యలో పెట్టడంతో ముందు ఎంత దూరం ఉందో వెనకా అంతే ఉంది. పడవ వెళ్తోందో ఆగిందో తెలియడం లేదు.

రెండో పరీక్షకు మనుషులు కావాలి. ఫొటో చూపించి "బాగుందా?" అని అడగకండి. "ముందు ఎక్కడ చూశారు, తర్వాత కన్ను ఎటు పోయింది?" అని అడగండి. "పడవ చూశాను, తర్వాత అది పోతున్న వైపు చూశాను" అంటే మంచిదే. "పడవ చూశాను, అంతే" అంటే కన్నుకు అక్కడ చేసే పని లేదన్నమాట. "మూలలో ఆ నల్లచుక్క ఏమిటి?" అన్నారంటే మీ ఖాళీ ఇంకా ఖాళీ కాలేదు.

ఖాళీని చదవడం తెలుగువాళ్లకు కొత్త సంగతి కాదు. బాపు గీసిన బొమ్మల్లో చాలావాటికి వెనక గోడ ఉండదు, కింద నేల ఉండదు, ఉన్నదంతా తెల్ల కాగితమే. అయినా ఆ మనిషి గాల్లో వేలాడుతున్నట్టు ఎవరికీ అనిపించదు. జడ వాలిన తీరు, చూపు పోయిన దిక్కు, పాదం మోపిన పద్ధతి మిగతాదంతా చెప్పేస్తాయి. అక్కడ కాగితం అంత ధీమాగా ఖాళీగా ఉండగలగడానికి కారణం గీతలో తడబాటు లేకపోవడం. ఫొటోలోనూ అంతే. చుట్టూ ఏమీ లేనప్పుడు, ఉన్న ఆ ఒక్కదాని ఆకారం మీదే భారమంతా పడుతుంది.

మీ ఫొటో అసలు తడబడింది ఇక్కడే. 100 శాతానికి పెంచి చూస్తే మనిషి మోచేతులు ఒంటికి ఆనుకుని ఉన్నాయి, తెడ్డు పడవ అంచు వెనక దాగిపోయింది, తల కాస్త వంగి ఉంది. చిన్నగా చూస్తే మనిషీ పడవా కలిసిపోయి ఒక నల్లముద్దలా ఉన్నాయి. పడవ వాడికి తెడ్డు ఒక్కసారి వేయడానికి రెండు సెకన్లకు అటూ ఇటూగా పడుతుంది. ఆ రెండు సెకన్లలో చెయ్యి ఒంటి నుంచి విడివడి, తెడ్డు నీళ్లలోంచి పైకి లేచి, చేతికీ ఒంటికీ మధ్య సందులోంచి వెలుతురు కనిపించే క్షణం ఒకటి వస్తుంది. దాన్ని బటన్ ఒక్కసారి నొక్కి పట్టుకోలేరు. షట్టర్ 1/500 దగ్గర పెట్టి, కంటిన్యువస్ మోడ్‌లో పదీ పదిహేను ఫ్రేములు తీసి, ఇంటికొచ్చాక ఒకటి ఎంచుకోండి. పడవ మీకు ఎదురుగా వస్తున్నప్పుడు కాకుండా పక్కవాటుగా వెళ్తున్నప్పుడు తీయండి. ఎదురుగా వచ్చే పడవ ఒక ముక్కలా కనిపిస్తుంది, పక్కవాటుగా వెళ్లేది గీతలా సాగుతుంది. విసురు వల వేసేవాళ్లు కనిపిస్తే వల గాల్లో విప్పుకున్న ఘడియ కోసం ఎంతసేపైనా ఆగొచ్చు.

ఇక పరిమాణం. మీ ఫైలు 6000 × 4000 పిక్సెళ్లు. పడవ సుమారు 180 పిక్సెళ్ల వెడల్పుంది, అంటే ఫ్రేములో 3 శాతం. నిలువుగా పట్టుకున్న ఫోన్‌లో ఫొటో వెడల్పు దాదాపు 7 సెంటీమీటర్లు. అందులో మీ పడవ 2 మిల్లీమీటర్లు! అదే ఫొటోను 12 × 18 అంగుళాల ప్రింటు వేస్తే పడవ దాదాపు 14 మిల్లీమీటర్లు ఉంటుంది, తెడ్డుతో సహా కనిపిస్తుంది. మీ మిత్రులు ఫోన్‌లో చూసి "ఏముంది" అన్నారంటే వాళ్ల కంటిని తప్పు పట్టలేం. ఫోన్‌లో చూపించే ఫొటోకు సబ్జెక్టు 6 నుంచి 8 శాతం ఉంటే తేలిగ్గా అందుతుంది. గోడకు వేలాడే ప్రింటుకు 3 శాతం కూడా చాలు. చూసేది ఎక్కడో ముందు తేల్చుకుని, దాన్ని బట్టి దూరం నిర్ణయించుకోవాలి.

అందుకే 55-250 బయటికి తీయమంటున్నాం. ఘాట్ మెట్ల మీద అదే చోట నిలబడి 55లో 3 శాతం వచ్చిన పడవ, 120 దగ్గర ఆరున్నర శాతం అవుతుంది. అంతకన్నా ముఖ్యమైన లాభం ఇంకొకటి ఉంది. ఇలా దూరాన్ని దగ్గర చేసే టెలీ లెన్సు వెనకున్నదాంట్లో చిన్న ముక్కనే ఫ్రేములోకి తీసుకుంటుంది కాబట్టి, రెండడుగులు పక్కకు జరిగినా కరెంటు స్తంభమో, హోర్డింగో, ఇంకో పడవో ఫ్రేములోంచి తప్పుకుంటుంది. మినిమలిజం అనగానే చాలామంది వైడ్ లెన్సు బిగిస్తారు. మన ఊళ్లలాంటి చోట వైడ్ పెట్టారంటే ఏదో ఒక తీగ వచ్చి చేరుతుంది. మళ్లీ వెళ్లేలోపు ఉన్న ఫైలునే 3000 పిక్సెళ్ల వెడల్పుకు క్రాప్ చేసి చూడండి. పడవ 6 శాతానికి పెరుగుతుంది, 10 అంగుళాల ప్రింటుకు సరిపడా పిక్సెళ్లు మిగులుతాయి. పడవను ఎడమవైపు మూడో వంతుకు కాస్త లోపల పెట్టి, కుడివైపు నీటిని వదిలేయండి.

పొగమంచును కెమెరా సరిగా అర్థం చేసుకోదు. చూసిన ప్రతిదాన్నీ నడిమి బూడిద రంగు అనుకుని ఎక్స్‌పోజర్ లెక్క కడుతుంది కాబట్టి తెల్లటి మంచు మురికిపట్టిన పంచెలా వస్తుంది. మీ ఫొటో చప్పదనంలో ఇదీ ఒక పాలు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +0.7 నుంచి +1.3 మధ్య పెట్టి, హిస్టోగ్రామ్, అంటే ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు చూపే గ్రాఫు, చూసుకోండి. గుట్ట కుడివైపుకు రావాలి గానీ చివరి గోడకు తగలకూడదు. వెలుగును 0 నుంచి 255 దాకా కొలిస్తే, 255కు చేరిన చోట ఇక మంచు లేదు, ప్రింటులో ఉత్త కాగితం కనిపిస్తుంది. అతి తెల్లని భాగం 240 దగ్గర ఆగితే మంచు మంచులాగే ఉంటుంది. మంచులో ఆటోఫోకస్ కూడా అటూ ఇటూ తిరుగుతూ తడుముకుంటుంది. పట్టుకోవడానికి దానికి ఒక అంచు కావాలి కాబట్టి ఒకే ఫోకస్ పాయింటును పడవ అంచు మీద పెట్టండి. అప్పటికీ కుదరకపోతే లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద, పెంచి చూసుకుంటూ ఫోకస్ రింగును చేత్తో తిప్పుకోవడమే.

జనవరిలో మన దగ్గర పొద్దు పొడిచేది సుమారు 6:40కి. పున్నమి ఘాట్‌లో నదికి ఎదురుగా నిలబడితే సూర్యుడు మీ ఎడమ చేతివైపు, ప్రకాశం బ్యారేజీ దిక్కున వస్తాడు. మంచు పలచబడుతున్న కొద్దీ ఎదురుగా భవానీ ద్వీపం చెట్లు నల్లటి పట్టీలా తేలతాయి. ఆ పట్టీ పడవ మనిషి తల వెనకగా పోతే తల దాంట్లో కలిసిపోతుంది. అప్పుడు ఒక మెట్టు పైకెక్కండి. ఎత్తు నుంచి చూస్తే మనిషి వెనక నీళ్లు వస్తాయి, పట్టీ పైకి పోతుంది. లేదా నీటి మట్టానికి దిగి కూర్చోండి, తల పట్టీకి పైన మంచులోకి వస్తుంది. నిలబడి కంటి ఎత్తు నుంచి తీయడమే ఇక్కడ అన్నిటికన్నా చెడ్డది. బ్యారేజీకి ఎగువన నీళ్లు నిలిచి ఉంటాయి కాబట్టి నున్నటి ఖాళీ దొరుకుతుంది. వేసవిలో దిగువకు వెళ్తే ఇసుక మేటలు, మధ్యమధ్య మడుగులు కనిపిస్తాయి. అది వేరే రకం ఖాళీ, దానికి గరుకుదనం ఉంది. ఎండ నెత్తి మీదికి రాకముందు, పక్కవాటు వెలుతురులో ఇసుక మీది గాడులు కనిపిస్తున్నప్పుడే అది బాగుంటుంది.

నీటిని ఇంకా నున్నగా చేయడానికి లెన్సులోకి వచ్చే వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వాడదామనుకుంటే, పది స్టాపుల (వెలుతురును పదిసార్లు సగం చేసే) ఫిల్టర్‌తో 1/60 సెకను కాస్తా 16 సెకన్లు అవుతుంది. అంతసేపట్లో కదిలే పడవ చెరిగిపోతుంది. పాతిన గెడ, లంగరు వేసిన పంటు లాంటి కదలనివాటికే అది పనికొస్తుంది. ట్రైపాడ్‌ను బ్యారేజీ మీద పెట్టకండి, బండ్లు పోయినప్పుడల్లా అదిరి ఫొటో చెడుతుంది. ఇసుకలో పెడితే కాళ్ల కింద చెక్క ముక్కలు వేయండి.

ఇప్పుడు ఖాళీని ఖాళీగా ఉంచడం గురించి. ఈ రకం ఫొటోల్లో ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. రద్దీగా ఉన్న బీసెంట్ రోడ్డు ఫొటోలో ఎవరికీ కనిపించని లోపం ఖాళీ ఆకాశంలో అరిచి చెబుతుంది. సెన్సార్ మీద దుమ్ము కణం ఎఫ్ 16 దగ్గర, అంటే లెన్సు రంధ్రం బాగా చిన్నగా ఉన్నప్పుడు, నల్లచుక్కలా తేలుతుంది. ఎఫ్ 8లో తీస్తే చాలావరకు మసకబారిపోతుంది. బయల్దేరే ముందు ఎఫ్ 22 పెట్టి తెల్లగోడను ఫోకస్ తప్పించి ఒక ఫొటో తీసి చూస్తే ఎన్ని చుక్కలున్నాయో తెలుస్తుంది. రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితో మాత్రం ఊదకండి, తుంపర్లు పడతాయి. ఐఎస్ఓ పెంచితే ఖాళీలో నలుసులు తేలతాయి కాబట్టి, షట్టర్ వేగానికి వెలుతురు చాలినంత మేరకు దాన్ని తక్కువగా ఉంచండి. ఒక్క డిగ్రీ వాలు 6000 పిక్సెళ్ల వెడల్పులో 105 పిక్సెళ్ల తేడా తెస్తుంది, 12 × 18 ప్రింటులో అది 8 మిల్లీమీటర్లు. మంచులో ఒడ్డు గీత కనిపించకపోయినా నీళ్లలో పడవ ప్రతిబింబం సరిగ్గా దాని కిందే పడాలి కాబట్టి ఆ వాలు బయటపడిపోతుంది. ఎడిటింగ్‌లో అంచుల్ని కొట్టొచ్చినట్టు చూపించే క్లారిటీని ఎక్కువ లాగితే పడవ చుట్టూ తెల్లటి వెలుగు చట్రం ఏర్పడుతుంది. మీ ఫొటోలో అది కాస్త ఉంది, తగ్గించండి.

వీటన్నిటికన్నా మొండిది చారల సమస్య. మీరు జేపెగ్‌లో తీశారు. జేపెగ్‌లో నలుపు నుంచి తెలుపు దాకా ఉన్నవి 256 మెట్లే. మీ మంచు పై నుంచి కిందికి 235 నుంచి 205 దాకా మారుతోందనుకుందాం. అంటే 4000 పిక్సెళ్ల ఎత్తుకు ముప్పై మెట్లు. ఒక్కో మెట్టు సుమారు 130 పిక్సెళ్లు, ప్రింటులో సెంటీమీటరు వెడల్పున్న చార. మంచు మెల్లగా కరగాల్సిన చోట చారలు చారలుగా తెగుతుంది. ఇంకా ఎక్కువ మెట్లుండే రా ఫైలులో తీసి, 16 బిట్‌లో ఎడిట్ చేసి, చివర్లో కంటికి కనిపించీ కనిపించనంత గ్రెయిన్ (సన్నటి నలుసులు) కలిపి సేవ్ చేస్తే చారలు విడిపోతాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే చారలు మళ్లీ వస్తాయి, డాక్యుమెంటుగా పంపండి.

ఫ్యాషనా అని అడిగారు. ఫ్యాషన్‌గా తీసేవాళ్లు చాలామందే ఉన్నారు. తీగ మీద ఒక్క పిట్ట, పొలంలో ఒక్క చెట్టు, తెల్లగోడ ముందు ఒక్క గొడుగు. వీటిలో ఎక్కువ శాతం ఒకసారి చూసి మరిచిపోయేవే. అలాంటివాటిని చూసి "ఏముంది ఇందులో" అంటే తప్పేం కాదు. కానీ ఆ పద్ధతిలోనే ఏళ్ల తరబడి నిలబడ్డ పని కూడా ఉంది. జపాన్‌కు చెందిన హిరోషి సుగిమోతో 1980 నుంచి సముద్రాల్ని తీస్తున్నారు. పైన ఆకాశం, కింద నీళ్లు, సరిగ్గా మధ్యలో గీత. పడవైనా ఉండదు. అక్కడ చూడాల్సింది అలల సన్నటి నేత, ఒక్కో సముద్రానికి మారే బూడిద ఛాయ. జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆంద్రియాస్ గుర్‌స్కీ 1999లో చేసిన రైన్ నది ఫొటోలో పచ్చగడ్డి పట్టీలు, నది, ఆకాశం మాత్రమే కనిపిస్తాయి. అడ్డొచ్చిన కట్టడాల్ని ఆయన డిజిటల్‌గా తీసేశారు. 2011లో అది వేలంలో 43 లక్షల డాలర్లకు పోయినప్పుడు "ఏముంది ఇందులో" అన్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అయితే ఆ చిత్రం వెడల్పు దాదాపు మూడున్నర మీటర్లు. వార్తలో వేసిన బొమ్మ చూసి అన్న మాటకూ దాని ముందు నిలబడి అన్న మాటకూ తేడా ఉంటుంది. ఇందుకు పూర్తిగా ఎదురు దారిలో, బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ మైకేల్ కెన్నా మంచులో చెట్లను తీసి ఎనిమిది అంగుళాల చదరంలో ప్రింటు వేస్తారు. చూసేవాడు దగ్గరికొచ్చి వంగి చూడాల్సిందే. పెద్దదే గొప్పని కాదు. ఎంత దూరం నుంచి చూడాలో ఫొటో తీసినవాడు ముందే ఆలోచించాడన్నది ముఖ్యం.

ప్రదర్శనకు పదీ ఇలాంటివే పెట్టొద్దు. మూడు చాలు. వరసగా పది తెల్లటి ఫొటోలు పెడితే నాలుగోదానికే కన్ను అలసిపోతుంది, తర్వాతివాటిని ఎవరూ చూడరు. ఖాళీ అంటే తెలుపే అన్న అలవాటు కూడా మానుకోవాలి. అందుకు గుంటూరు వైపు వెళ్లిరండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ చుట్టుపక్కల కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంటుంది. ఫ్రేము నిండా ఎరుపు, ఒక మూల కాయలు తిరగేస్తున్న ఒక్క మనిషి. ఇదీ నెగటివ్ స్పేసే. మంచులో దొరకని గుణం ఒకటి దీనికి ఉంది. దూరం నుంచి నున్నగా కనిపించే ఎరుపు, దగ్గరికొస్తే లక్షల కాయలుగా విడిపోతుంది. "ఖాళీయే కదా" అన్న మాట ఇక్కడ ఎవరూ అనలేరు.

ఎరుపుతో ఒక చిక్కుంది. ఎండలో మిర్చిని తీస్తే మామూలు హిస్టోగ్రామ్ అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, లోపల ఎర్ర ఛానల్ (ఎరుపు రంగు కొలత) మాత్రం ఎప్పుడో హద్దు దాటిపోయి ఉంటుంది. కాయకూ కాయకూ తేడా పోయి ఎర్ర రంగు పూసినట్టు వస్తుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ తెరిచి, ఎరుపు గోడకు తగలకుండా ఎక్స్‌పోజర్‌ను -0.7 నుంచి -1 దాకా తగ్గించండి. కెమెరాలో రంగుల్ని ముదురు చేసే వివిడ్ మోడ్ తీసేయండి. ఎరుపు చీర కట్టుకున్నావిడ ఆ ఎరుపులో కలిసిపోతుంది. ఆకుపచ్చ చీరో, తెల్ల తలగుడ్డో ఉన్న మనిషి ఫ్రేములోకి వచ్చేదాకా ఆగండి. కంటి ఎత్తు నుంచి తీస్తే వెనక లారీలు, టార్పాలిన్లు వస్తాయి. పక్కన డాబా ఉంటే రైతునడిగి పైకెక్కండి, ఫ్రేమంతా నేలే వస్తుంది. పనిచేసేవాళ్లను కూడా అడిగే తీయాలి. కల్లంలో లెన్సు మాత్రం మార్చకండి. మిర్చి దుమ్ము సెన్సార్ మీద పడితే పైన చెప్పిన చుక్కలన్నీ మళ్లీ మొదలు.

గుంటూరు దగ్గరే ఉన్న ఉప్పలపాడు చెరువులో చెట్లు పక్షులతో కిక్కిరిసి ఉంటాయి కాబట్టి చెట్ల మీద ఖాళీ వెతకొద్దు. సాయంత్రం గూటికొచ్చే ఎర్రకాళ్ల కొంగనో గూడబాతునో ఆకాశం మీద ఒంటరిగా పట్టుకోండి. 1/1000 షట్టర్, +1 ఎక్స్‌పోజర్, రెక్కలు పూర్తిగా పైకో కిందికో ఉన్న క్షణం. అలాంటిది ఒకటి చాలు.

ప్రింటు వేయించేటప్పుడు ల్యాబ్‌లో "కరెక్షన్ వేయొద్దు" అని కవరు మీద రాయించి మరీ ఇవ్వండి. లేకపోతే మీరు కష్టపడి తెచ్చిన తెల్లటి మంచును మిషన్ మళ్లీ బూడిద చేస్తుంది. ముందు అదే ఫైలును 6 × 9లో ఒకటి వేయించి పగటి వెలుతురులో చూసుకుని, తర్వాత 12 × 18 చెప్పండి. కాగితం మ్యాట్ అయితే మేలు. తెల్లటి ఫొటోకు అంచు ఎక్కడుందో గోడ మీద తెలియదు కాబట్టి చుట్టూ సన్నటి బూడిద గీతో, ముదురు రంగు మౌంటో అవసరం. మూడింటినీ పక్కపక్కన పెట్టకుండా, ఒక్కోదానికి రెండు పక్కలా నిండుగా ఉన్న ఫొటోలు వచ్చేలా సర్దండి. ప్రింటు మధ్యభాగం నేల నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. వాటిలో నల్లటి ఖాళీ ఉన్న ఫొటో ఏదైనా ఉంటే దానికి మామూలు గాజు వేయించకండి. వెనక నలుపు ఉంటే గాజు అద్దంలా మారి, చూసేవాళ్లకు ట్యూబులైటూ వాళ్ల ముఖమూ కనిపిస్తాయి.